యంత్రముల పొత్తు

నమ్మకము మనుష్యుని మనస్సులో పుట్టు గుణమనియు, సజ్జనులు కూడినచోట సహకార ముండుననియు, స్వార్థపరులు కూడినచోట నది నశించుననియు మనలో పెక్కండ్ర యభిప్రాయము. చిన్ననాటినుండి నీతికథలు మనకు నేర్పినదియు నిదియే. ఇందు సత్యము లేకపోలేదు. కాని మనస్సే లేనట్టియు, తన లాభము తప్ప వేఱొకటి యెఱుగనట్టియు వస్తువుల నడుమ నమ్మకమువంటి దొకటి పుట్టి పెరుగుటను విద్వాంసులు గత శతాబ్దపు ద్వితీయార్ధమున కన్నులార చూచిరి. చూచి ఆశ్చర్యపడిరి, ఆశపడిరి, తరువాత కొంత భయపడిరి కూడ. ఈ మూడు దశల చరిత్రను మా చదువరులకు సంగ్రహముగా తెలిపి, గృహస్థులమగు మనము దానినుండి నేర్వవలసిన దేమో విచారింప దలచితిమి.

మొదట నొక మాటకు అర్థము చెప్పుకొందము. యంత్రప్రతినిధి యనగా, ఒకని తరఫున, అతడు దగ్గర లేనప్పుడు, ఎదుటివాని చేష్టనుబట్టి తానే నిర్ణయించుకొని వ్యవహరించు కంప్యూటరు ప్రోగ్రాము. దానిని నిర్మించినవాడు దానికొక లెక్క నప్పగించును. ఆ లెక్క లాభము కావచ్చును, ఆటలో మార్కులు కావచ్చును. ఆ సంఖ్య పెరిగిన దానికి చాలును. దానికి ఆకలి లేదు, సిగ్గు లేదు, దయాదాక్షిణ్యములు లేవు, పగయు లేదు. కావుననే విద్వాంసులు దానిని స్వార్థపర మనిరి. ఇది నింద కాదు, స్వభావకథనము మాత్రమే.

ఈ చరిత్ర కంప్యూటరులతో గాక మనుష్యులతోనే మొదలైనది. 1950వ సంవత్సరము జనవరి మాసమున, అమెరికాలో సాంటా మోనికా పట్టణమందలి రాండ్ సంస్థలో, మెర్రిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ అను గణితవేత్త లిరువురు చిన్న ఆట నొకదానిని కల్పించిరి. ఆ యేడే ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆల్బర్ట్ టక్కర్ మనస్తత్వశాస్త్రజ్ఞుల కా యాటను బోధపఱుచుటకై దానికొక కథ నల్లెను. నాటినుండి దానికి ఖైదీల సంకటమను పేరు స్థిరపడినది. కథ యిట్టిది. ఇద్దరు దొంగలు పట్టుబడి వేర్వేఱు గదులలో నుంపబడిరి. ఒకడు నేర మొప్పుకొని రెండవవానిని పట్టియిచ్చినచో వానికి బహుమానము, మౌనముగా నున్నవానికి కఠినశిక్ష. ఇద్దరు నొప్పుకొన్నచో ఇద్దరికిని శిక్ష. ఇద్దరును మౌనము వహించినచో సాక్ష్యము లేనందున ఇద్దరును బయటపడుదురు. ఇప్పు డొక్కొక్కడు తనలో తా నిట్లు తర్కించును: "వాడు నోరు విప్పినను, విప్పకున్నను, నాకు మాత్రము వానిని పట్టియిచ్చుటయే లాభము." ఇద్దరు నిట్లే తలచి, ఇద్దరు నొప్పుకొని, ఇద్దరును చెడుదురు. తెలివి తక్కువవలన గాదు, తెలివివలననే చెడుదురు. ఇదియే సంకటము.

ఈ తర్కమే సర్వత్ర నిజమైనచో లోకమున పొత్తు లెట్లు నిలుచుచున్నవి? ఫ్లడ్, డ్రెషర్లు దీనిని పరీక్షింపగోరి, ఆర్మెన్ ఆల్చియన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుని, జాన్ విలియమ్స్ అను గణితవేత్తను జతగూర్చి, ఆ యాటను వరుసగా 100 మాఱులాడించిరి. తర్కమునుబట్టి నూఱు మాఱులును ద్రోహమే జరుగవలసియుండెను. కాని ఆల్చియన్ 68 మాఱులును, విలియమ్స్ 78 మాఱులును సహకరించిరి. ఇద్దరు నొక్కసారిగా సహకరించినవి 60 మాఱులు. తరువాత గొప్ప పేరొందిన జాన్ నాష్ ఈ సంగతి విని, నూఱు ఆటలను నూఱు వేర్వేఱు ఆటలుగా నెంచుట తప్పనియు, అదియంతయు నొక్కటే దీర్ఘమైన ఆటయనియు ఆక్షేపించెను. ఆ యాక్షేపణలోనే అసలు రహస్యము దాగియున్నది. రేపు మఱల ముఖము చూడవలసిన వానితో వ్యవహరించుట వేఱు. దారిని పోవు బాటసారితో వ్యవహరించుట వేఱు.

సుమారు ముప్పదియేండ్లు గడచిన పిమ్మట, మిషిగన్ విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రాచార్యుడగు రాబర్ట్ ఆక్సెల్రాడ్ ఈ యాటనుండి మనుష్యులను తొలగించి, వారి స్థానమున ప్రోగ్రాములను నిలిపెను. ఆర్థిక, మనస్తత్వ, గణిత, సమాజశాస్త్రములలో నీ యాటను గూర్చి వ్రాసిన పండితులను పిలిచి, తలకొక ప్రోగ్రామును వ్రాసి పంపుడని కోరెను. ఇద్దరును సహకరించినచో చెరి 3 మార్కులు. ఒకడు సహకరింపగా రెండవవాడు ద్రోహము చేసినచో ద్రోహికి 5, మోసపోయినవానికి సున్న. ఇద్దరును ద్రోహులైనచో చెరి 1. పండితులు పంపినవి 14. బొమ్మాబొరుసు వేసినట్లు తోచినట్లాడు ప్రోగ్రాము నింకొకదానిని ఆక్సెల్రాడే చేర్చెను. ప్రతిదియు ప్రతిదానితో 200 మాఱు లాడవలెను. 1980లో ఫలితములు ప్రకటితములైనవి.

అందు నెగ్గినది అన్నిటికంటె చిన్న ప్రోగ్రాము. దాని పేరు టిట్ ఫర్ టాట్. మన మాటలో చెప్పవలెనన్న ఇచ్చిపుచ్చుకొనుట. మొదటి మాఱు సహకరింపుము. తరువాత ప్రతిమాఱును ఎదుటివాడు క్రిందటి మాఱు చేసినదే నీవును చేయుము. దాని శాస్త్ర మింతియే. దీనిని పంపినవాడు టొరాంటో విశ్వవిద్యాలయపు అనటోల్ రాపొపోర్ట్. ఈయన 1911లో నాటి రష్యా సామ్రాజ్యమున జన్మించి, బాల్యముననే అమెరికాకు వలసవచ్చి, పియానో వాద్యమున నేర్పు సంపాదించి, పిదప గణితమున ప్రవేశించి, యుద్ధమును మాన్పు మార్గముల నన్వేషించుటలో జీవితమును గడపినవాడు.

ఎదుటివానిని బోల్తాకొట్టించుటకై దీర్ఘములైన గణనలు చేసిన ప్రోగ్రాములు పెక్కు అడుగున పడినవి. తాముగా ముందు ద్రోహము తలపెట్టని ప్రోగ్రాములు మొత్తము మీద 8 యుండగా, మొదటి యెనిమిది స్థానములును వానికే దక్కినవి. ఆ యెనిమిదింటిలోను అన్నిటికంటె వెనుకబడిన దేది? ఒక్కసారి మోసపోయినచో ఆట ముగియువఱకును మఱల సహకరింపనిది. పగ విడువని సాధువున కిట్టి గతి పట్టెను. ఇంతకంటె చిత్రమొకటి కలదు. టిట్ ఫర్ టాట్ ఏ యొక్క ప్రత్యర్థికంటెను ఎక్కువ మార్కులు పొందలేదు. పొందజాలదు కూడ, ఏలయన ఎదుటివానికంటె నొకమాఱెక్కువ ద్రోహము చేయుట దాని స్వభావమున లేదు. ఎవరిని నోడింపకయే అది అందఱికంటెను ముందు నిలిచెను. ఎదుటివాని లాభము మన నష్టమని భావించు వారందఱును ఈ సంగతిని రెండుమాఱులు చదువుకొనదగును.

ఈ విద్య మన యిండ్లకు క్రొత్తది కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు సోలెడు బియ్యము, గరిటెడు నూనె చేబదులు పుచ్చుకొనుట మన మెఱుగనిదా? అడిగినప్పుడు మొదట ఇత్తురు. తిరిగి యియ్యనివారికి మఱుమాఱు లేదందురు. వారు బాకీ తీర్చినచో పాత మాట నెత్తక మఱల నిత్తురు. దీనికి పత్రము లేదు, సాక్షులు లేరు. గోడకు గోడ యానియుండుటయు, రేపును ఎల్లుండియు ముఖములు చూచుకొనవలసి యుండుటయు, ఎవరు తీర్చినది ఎవరు తీర్చనిది జ్ఞాపకముండుటయు చాలును. మనము సౌజన్యమని పిలుచు దానిలో నింత భాగము ఇరుగుపొరుగు ఏర్పాటుచేతనే పుట్టుచున్నదని యంత్రముల యాట మనకు చూపినది.

ఆక్సెల్రాడ్ మొదటి ఫలితముల నందఱికిని తెలిపి రెండవ పోటీ నేర్పఱచెను. ఈమాఱు ఆఱు దేశములనుండి 62 ప్రోగ్రాములు వచ్చినవి. పంపినవారిలో ఆచార్యులును కలరు, పదేండ్ల బాలుడును కలడు. ఏది నెగ్గెనో, ఏల నెగ్గెనో అందఱికిని తెలిసియు, దానిని మించుట కందఱును ప్రయత్నించియు, మఱల టిట్ ఫర్ టాటే నెగ్గెను. ఆ పిమ్మట నాతడు ఎక్కువ మార్కులు పొందిన ప్రోగ్రాములకు సంతాన మెక్కువ కలుగునట్లు లెక్కవేసి తరతరములుగా ఆడించి చూచెను. అమాయకులను దోచి పైకి వచ్చిన ప్రోగ్రామొకటి మొదట వృద్ధిపొందెను. దోపిడికి లొంగువారు నశించినకొలది అదియు క్షీణించెను. ఎరను తినివేసిన పులికి పట్టిన గతియే దానికిని పట్టెను. 1981లో జీవశాస్త్రజ్ఞుడు విలియం హామిల్టన్‌తో గూడి వ్రాసిన వ్యాసమును, 1984లో సహకార పరిణామమును గూర్చి తాను వెలువరించిన గ్రంథమును ఆక్సెల్రాడ్ కీర్తిని దేశదేశముల వ్యాపింపజేసినవి. రెండు మహారాజ్యము లణ్వస్త్రములు పూని ఎదురెదురుగా నిలిచియున్న కాలమది. పైన ప్రభువు లేకున్నను, పరస్పర ప్రేమ లేకున్నను, సహకారము పుట్టగలదన్న మాట ఎందఱికో చల్లని కబురుగా తోచెను.

లోప మొకటి త్వరలోనే బయటపడెను. నిజమైన లోకమున పొరపాటులు జరుగును. సహకరింపబోయిన చేయి జాఱవచ్చును. సహకారమునే ద్రోహముగా పొరబడవచ్చును. అట్టి యొక్క పొరపాటుతో రెండు టిట్ ఫర్ టాట్‌లు ఒకదాని నొకటి వంతులవారీగా దండించుకొనుచు, నీవు చేసితివి గనుక నేను, నేను చేసితిని గనుక నీవు అని అంతులేక సాగును. దాయాదుల వ్యాజ్యములు చూచినవారి కిది వివరింప నక్కఱలేదు. 1992లో మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ అను విద్వాంసులు ఈ లోపమునకు మందు చూపిరి. ద్రోహము జరిగిన మూడు మాఱులలో సుమారొక మాఱు ఊరకయే క్షమించునది అట్టిచోట్ల బాగుగా నిలుచునని వారి లెక్కలవలన తేలెను. అనగా క్షమ యలంకారము కాదు, అవసరము. ఐనను ఎల్లప్పుడును క్షమించునది దొంగలపా లగును.

ఇంతవఱకు వచ్చిన చరిత్ర మనసునకు హాయి నిచ్చునది. ఇకమీదటి భాగ మట్టిది కాదు.

1986లోనే ఆక్సెల్రాడ్ మఱియొక ప్రయోగము చేసెను. కట్టుబాటు మీఱినవారిని దండించుట కందఱికిని అధికార మిచ్చి చూడగా, దండించుటకు శ్రమపడువారు లేక కట్టుబాటు కూలిపోయెను. అంతట, దండింపనివారిని కూడ దండించు నేర్పాటు చేయగా నది గట్టిగా నిలిచెను. చదువరులారా, ఈ యేర్పాటు మనకు క్రొత్తదా? వెలివేయబడినవాని యింట భోజనము చేసినవానిని కూడ వెలివేయుట మన సంఘమున నుండిన పద్ధతియే కదా! వితంతువుకు వివాహము చేసినవారికే గాక, ఆ పెండ్లికి పోయినవారికిని, పోయినవారితో పొత్తు విడువనివారికిని నీరునిప్పులు లేకుండ జేసినది ఈ యంత్రమే. ఆ యుపాయము చక్కని నియమమును నిలుపగలదు. దుష్టమైన నియమమును సైత మంతే చక్కగా నిలుపగలదు. దేనిని నిలుపుచున్నదో దానికి తెలియదు.

2004లో మొదటి పోటీ జ్ఞాపకార్థము మఱల పోటీ జరిగెను. ఇంగ్లండు దేశపు సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమువారు ఒకటి గాక 60 ప్రోగ్రాములను పంపిరి. అవి మొదటి కొన్ని యెత్తులను సంకేతముగా నాడి ఒండొంటిని గుర్తుపట్టును. గుర్తుపట్టిన వెంటనే కొన్ని సేవకులై, తాము సున్నలు పొందుచు, యజమానికి అయిదేసి మార్కులు సమర్పించును. ఎదుట నున్నది పరాయిదైనచో ద్రోహము చేసి దానిని అణచును. మొదటి మూడు స్థానములును సౌతాంప్టన్ వారికే వచ్చినవి; పట్టిక యడుగున నున్నవియు పెక్కు వారివే. నియమము లేవియు నుల్లంఘింపబడలేదు. జరిగినదియు సహకారమే, అందులోను త్యాగముతో గూడిన సహకారము. కాని దానిని చూచి మన మానందింపగలమా? లోపలివారి మైత్రి బయటివారికి శత్రుత్వ మగుట ఇచట బట్టబయలైనది.

పిదప నీ ప్రతినిధులు పరీక్షాగదిని విడిచి బజారునకు వచ్చినవి. 2011లో, ఈగల పిండాభివృద్ధిని గూర్చిన శాస్త్రగ్రంథ మొకటి ఇంటర్నెట్టు అంగడిలో 2 కోట్ల 36 లక్షల డాలర్లకు పైగా వెల గట్టబడియుండుట చూచి ఒక శాస్త్రజ్ఞుడు ఆశ్చర్యపడెను. విచారింపగా, ఇద్దరు వర్తకుల ప్రోగ్రాములు ఒకదాని వెలను చూచి యొకటి తన వెలను మార్చుకొనుచుండెనని తేలెను. ఒకటి ఎదుటి వెలకు కొంచెము తక్కువ పెట్టును. రెండవది ఎదుటి వెలకు నాలుగవవంతుకు పైగా కలిపి పెట్టును. ఇట్లు దినదినమును ఎగబ్రాకినవి. ఎవ్వరును కొనలేదు గనుక అది నవ్వులాటగా ముగిసెను. నవ్వురానిది తరువాత జరిగినది.

2020లో ఎమిలియో కాల్వానో మొదలగు నలుగురు ఇటలీ దేశపు ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక పరిశోధనను ప్రకటించిరి. వెలలను నిర్ణయించుచు ననుభవమువలన తామే నేర్చుకొను ప్రోగ్రాములను కల్పితమైన బజారులో వారు వదలిరి. వీనికి కుమ్మక్కు కమ్మని యెవ్వరును చెప్పలేదు. మాటలాడుకొను సాధనమును లేదు. ఐనను అవి కొంతకాలమునకు పోటీలో నుండవలసిన వెలకంటె నెక్కువ వెలయొద్ద స్థిరపడినవి. ఒకటి వెల తగ్గించినచో రెండవదియు తగ్గించి దానిని దండించును. కొంతసేపైన పిదప రెండును మెల్లమెల్లగా పాత హెచ్చువెలకు చేరుకొనును. ముందుగా సహకారము, ద్రోహమునకు దండన, దండన పిమ్మట క్షమ! 1980లో మన మెచ్చుకొన్న సుగుణములే యివి. వాని మూల్యమును చెల్లించువాడు మాత్రము కొనుగోలుదారు. ఇది కల్పిత బజారునందలి మాట యని త్రోసివేయ వీలులేదు. జర్మనీ దేశపు పెట్రోలు బంకులను గూర్చిన యొక పరిశోధనలో, రెండే బంకులున్నచోట ఒకటి మాత్రమే యిట్టి ప్రోగ్రామును పెట్టుకొన్నప్పుడు లాభములు పెరుగలేదనియు, రెండును పెట్టుకొన్నప్పుడు పెరిగెననియు కనబడెను. రెండు చేతులు కలిసినగాని చప్పుడు కాదు కదా.

ఇప్పుడు టక్కర్ చెప్పిన దొంగల కథ మఱల జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆ కథ విన్న ప్రతివాడును ఇద్దరు ఖైదీల పక్షముననే ఆలోచించుట అలవాటైపోయినది. వారు ఒండొరులను నమ్మి మౌనము వహించిన నెంత బాగుండునని మనము జాలిపడుచుంటిమి. కాని వారు కన్నము వేసిన యింటి యజమాని యెక్కడ? కథలో అతడు లేడు. మార్కుల పట్టికలో అతనికి గడి లేదు. ఆ గడి లేనంతకాలము సహకార మను పదము శుభముగనే వినబడును. ఆ యజమానిని తెచ్చి పట్టికలో కూర్చుండబెట్టినప్పుడు గాని, ఏది పొత్తో ఏది కుట్రో తెలియదు.

ఈ చరిత్రనుండి మేము గ్రహించిన దిది. నమ్మకమునకు సద్బుద్ధి అక్కఱలేదు. మఱల మఱల కలియుట, జ్ఞాపకముంచుకొనుట, దండించి క్షమించుట యను నేర్పాటులుండిన చాలును. స్వార్థముతో నిండిన లోకమున నిది గొప్ప ధైర్యము నిచ్చు మాట. కాని సద్బుద్ధి అక్కఱలేకయే పుట్టినది గనుకనే, ఆ నమ్మకము ధర్మాధర్మముల నెఱుగదు. ఆ విచక్షణ వెలుపలినుండి రావలెను. దానిని తేవలసినవారము మనము.

ఎట్లు తేవలెను? పోటీని కాపాడు చట్టములు సామాన్యముగా వర్తకుల నడుమ ఒడంబడిక జరిగినదా యని విచారించును. మన దేశపు 2002 నాటి పోటీ చట్టము ఒడంబడిక యను మాటకు విశాలమైన యర్థమునే యిచ్చినది. వ్రాతలో లేని యవగాహన కూడ దానిలో చేరును. ఐనను మనుష్యు లెవ్వరును మాటలాడుకొనక, రెండు యంత్రము లొకే యలవాటునకు వచ్చినప్పుడు నేరము ఎవరిది? యంత్రమునకు శిక్ష లేదు. యజమాని నేనేమియు చెప్పలేదనును. మా యభిప్రాయమున, లాభము పొందువాడే బాధ్యత వహింపవలెను. సేవకుడు చేసిన నష్టమును నేనెఱుగనని తప్పించుకొను యజమానిని లోక మెప్పుడును గౌరవింపలేదు. ప్రతినిధి ఏ లెక్కను పెంచుటకై నియమింపబడినదో, ఏ చేష్టకు ఏమి చేసినదో, ఆ చిట్టా అడిగినవారికి చూపదగియుండవలెను.

ఇది న్యాయవాదులకును శాస్త్రజ్ఞులకును విడిచిపెట్టదగిన విషయము కాదు. మన తరఫున వెదకి, బేరమాడి, కొనిపెట్టు ప్రతినిధు లిప్పటికే బయలుదేరినవి. ఇంటికి పనిమనిషిని పెట్టుకొనునప్పుడు ఎవరి మనిషి, ఎక్కడ పనిచేసినదని అడుగుదుము. కొట్టువాడు పంపిన మనిషిచేతనే కొట్టులో బేరము చేయింపము. ఈ క్రొత్త ప్రతినిధి విషయమునను అంత జాగ్రత్తయే వలయును. ఇది ఎవరి లెక్కను పెంచుచున్నది? ఎవరితో పొత్తు కూడుచున్నది? ఆ పొత్తు కర్చు ఎవరి పద్దున వ్రాయబడుచున్నది? ఈ మూడు ప్రశ్నల నడుగుటకు గణితశాస్త్ర మక్కఱలేదు. ఇంటిలెక్కలు చూచుకొను గృహిణి ప్రతిదినమును అడుగు ప్రశ్నలే యివి. యంత్రముల నడుమ నమ్మకము పుట్టునా యని విద్వాంసులు విచారించిరి, పుట్టునని తేల్చిరి. ఆ నమ్మకమునకు బయట నిలిచియున్న మూడవవాని తరఫున మాటలాడుట మన వంతు. ఏలయన ఆ మూడవవాడు తఱచుగా మనమే.